ఒకే పేరుతో రెండు

మార్చి 3

పిచ్చుకా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. కవరు మీద మట్టి వేలిముద్ర ఒకటి ఉంది. సొరంగంలో కూర్చుని రాశావా? చేతులు కడుక్కున్నాకే కాగితం ముట్టుకోవాలని నీకు మూడో క్లాసులోనే చెప్పాను.

ఆ కొండల్లో ఫోను పలకడం లేదని మథనపడకు. సామాన్ల లారీ వారానికోసారి ఉత్తరాలు తెచ్చి, తీసుకెళ్తుంది కదా, అది చాలు. ఫోనులో నువ్వు "బాగున్నావా" అంటావు, నేను "బాగున్నాను" అంటాను, ఇద్దరివీ అబద్ధాలే. కాగితం మీద అబద్ధం రాయాలంటే నాకు చెయ్యి ఆడదు.

మీ అమ్మ పోయి ఇది మూడో నెల. ఆ గది తలుపు దగ్గరగా వేసి ఉంచాను. వారానికోసారి వెళ్లి దుమ్ము దులిపి వస్తున్నాను. ఆఖరి రోజు మీ అమ్మ లేస్తూ వెనక్కి నెట్టిన కుర్చీ ఎలా ఉన్నది అలాగే ఉంది. అదొక్కటీ సర్దలేదు.

మొన్న అంధుల బడి నుంచి లెక్కల మాస్టారు వచ్చారు. మీ అమ్మ చదివి రికార్డు చేస్తున్న సైన్సు పాఠాలు ఆయన బడి పిల్లల కోసమేనని నీకు తెలుసు. ఆయనకీ చూపు లేదు. అయినా గుమ్మం పక్కన చేతికర్ర ఆనించి, ఎవరూ చూపించకుండానే ఆయన మామూలుగా కూర్చునే కుర్చీలో కూర్చున్నారు.

"పిల్లలు అడుగుతున్నారండీ. పరీక్షలు జూన్ చివర్లో. మీకు వీలైనప్పుడే ఇవ్వండి" అన్నారు. పద్నాలుగు పాఠాల్లో పదమూడు అయ్యాయి. "ఒక్కొక్కటీ ఇచ్చెయ్యమ్మా అంటే వినేది కాదు. పుస్తకమంతా అయ్యాకే ఇస్తాననేది. ఎవరి పోలికో మరి" అని నవ్వారు. నేను నవ్వలేదు. నా పోలికే.

ఇవ్వాలంటే మీ అమ్మ కంప్యూటరు తెరవాలి. తెరిచాను, కానీ పాఠాల ఫోల్డరు జోలికి పోయే ధైర్యం లేక, ముందు నా ఇంటి లెక్కల ఫైలు తీశాను. దాని పేరు తప్పుగా ఉంటే సరిచేశాను. ఇప్పుడు అది తెరుచుకోదు. "దీన్ని దేనితో తెరవను?" అని నన్నే అడుగుతోంది. పేరు మార్చేటప్పుడు ఏదో హెచ్చరిక వచ్చిన మాట నిజమే. ఒకసారి నిర్ణయించుకున్నాక మళ్లీ అడిగించుకోవడం నాకు నచ్చదని, సరే అని నొక్కేశాను. ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడి నడిపిన మనిషిని, ఒక పేరు మార్చినందుకు ఇంత శిక్షా?

నీకు దగ్గు తగ్గిందా? ఆ దుమ్ములో మూతికి గుడ్డ కట్టుకో.

అమ్మమ్మ

*

మార్చి 12

అమ్మమ్మా,

చేతులు కడుక్కునే రాస్తున్నాను. గోళ్ల కింద మట్టి మాత్రం పోదు. అది ఉద్యోగంతో పాటు ఇచ్చారు.

నీ లెక్కల ఫైలు ఎక్కడికీ పోలేదు. ప్రతి ఫైలు పేరుకీ చివర ఒక తోక ఉంటుంది. ఒక చుక్క, దాని తర్వాత మూడో నాలుగో ఇంగ్లీషు అక్షరాలు. కంప్యూటరు లోపల ఏముందో తరచి చూడదు. తోక చూసి, ఇది టైపు చేసిన కాగితమా, ఫొటోనా, ఇంకొకటా అని పోల్చుకుని, దాన్ని ఏ ప్రోగ్రాముకి అప్పజెప్పాలో తేల్చుకుంటుంది. నువ్వు పాత పేరంతా చెరిపేసి కొత్తది రాసినప్పుడు తోక కూడా తెగిపోయింది. పేరు చివర చుక్క పెట్టి డి, ఓ, సి, ఎక్స్ అని కొట్టు. తెరుచుకుంటుంది.

మళ్లీ ఇలా జరగకుండా ఒక పని చెయ్యి. ఫోల్డరు తెరిచాక పైన "వ్యూ" అని ఉంటుంది. అందులో "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" అన్న మాట పక్కన టిక్కు పెట్టి ఉంటుంది. అమ్మ తన పని కోసం పెట్టుకుంది. నువ్వు దాన్ని తీసెయ్. అప్పుడు తోకలు ఉంటాయి కానీ నీకు కనబడవు. కనబడనిదాన్ని పొరపాటున కూడా నరకలేవు.

డిస్కు నిండిపోతోందని నేను బయల్దేరేముందే చూశాను. అమ్మ ఫోల్డర్లో రెండేసి ఉన్నవి ఉంటాయి, ఒకటి ఉంచి రెండోది తీసెయ్. మిగిలినవి సొరుగులో ఉన్న పెన్‌డ్రైవులోకి ఎక్కించి మాస్టారికి ఇవ్వు. నీకు నేర్పాను కదా, పట్టుకుని లాగి వదలడమే.

నేను ఆ పాఠాలని ఇక్కడికి తెచ్చుకోలేదు. ఎందుకో నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నాను. తెచ్చుకుంటే వింటాను. వింటే పనిలో నిలబడలేను. ఇక్కడ కొండకి రెండు వైపుల నుంచీ తవ్వుకొస్తున్నారు, మధ్యలో కలవాలి. నా కొలత తప్పితే కలవవు. అమ్మ నాకు ఫోనులో ఎప్పుడూ టైపు చేసేదే, మాట్లాడి పంపేది కాదు. "రోజంతా చదివీ చదివీ నోరు నొప్పి" అనేది. అందుకే అమ్మ మాట ఆ పాఠాల్లో తప్ప ఇంకెక్కడా లేదు. జులైలో వానలకి పని ఆపుతారు. అప్పుడు వచ్చి ఆ గదిలో కూర్చుని ఒకటో పాఠం నుంచి వింటాను. అంతవరకూ నీ దగ్గర ఉంచు.

దగ్గు తగ్గింది. అబద్ధం కాదు, కాగితం మీదే రాస్తున్నాను.

నీ పిచ్చుక

*

మార్చి 21

పిచ్చుకా,

చెప్పిన పనులన్నీ పూర్తయ్యాయి. వరుసగా రాస్తున్నాను, చూసుకో.

తోక అతికించాను, లెక్కలు తెరుచుకున్నాయి. తర్వాత ఆ టిక్కు తీసేశాను. తెరంతా ఎంత శుభ్రంగా ఉందో. పేరంటే పేరులా ఉండాలి కానీ, చివర ఆ చుక్కలూ పొడి అక్షరాలూ ఏమిటి, అడిగినవాడికీ అడగనివాడికీ తన డిగ్రీలు చెప్పుకునే మనిషిలాగా.

ఆ తర్వాత మీ అమ్మ ఫోల్డరు తెరిచాను. కాసేపు అలాగే కూర్చున్నాను, ఆ సంగతి వదిలెయ్. నువ్వన్నది నిజమే. ప్రతి పాఠమూ రెండేసి ఉంది. "పాఠం 1", మళ్లీ "పాఠం 1". అక్షరం తేడా లేదు. పేర్ల పక్కన ఏవో బొమ్మలున్నాయి కానీ చీమ తలకాయంత, నా కళ్లద్దాలకి అందలేదు. మీ అమ్మ చిన్నప్పటి నుంచీ అంతే. పెన్సిలు రెండు, రబ్బరు రెండు. "ఒకటి పోతే?" అనేది. "పోకుండా చూసుకోవాలి" అనేదాన్ని.

ఏది ఉంచాలో ఊరికే తేల్చలేదు, ఒక్కొక్కటీ తెరిచి చూశాను. ఒకదాంట్లో పాఠమంతా ఉంది, బొమ్మల దగ్గర చూపులేని పిల్లలకి అర్థమయ్యేలా మీ అమ్మ రాసిన వివరణలతో సహా. రెండోది తెరిస్తే నల్లటి కిటికీ ఒకటి వస్తుంది. అందులో ఒక గీత మెల్లగా పాకుతుంది. అక్షరమంటూ లేదు. అన్నీ అలాగే ఉన్నాయి. సరిగ్గా దిగనివి కాబోలనుకుని ఆ నల్లవన్నీ తీసేశాను. తీసినవి చెత్తబుట్టలో పడి ఉంటాయని నువ్వే చెప్పావు. చెత్త ఇంట్లో పెట్టుకుని నేను నిద్రపోలేను, దాన్నీ పారబోశాను. డిస్కు ఎంత ఖాళీ అయిందో చూస్తే నువ్వు సంతోషిస్తావు.

అక్షరాలున్నవి పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. గొంతు కూడా అందులోనే ఉంటుంది కదా, పుస్తకంలో బొమ్మలాగా. నేను విని చూడలేదు. ఆ స్పీకరు ప్రతిదానికీ టింగుమంటోందని మొన్ననే దాని తీగ పీకేశాను. పైగా నాకూ నీలాగే, ఇప్పుడే వినాలని లేదు. జులైలో ఇద్దరం కలిసి విందాం.

మాస్టారు ఏదో సభకి పక్క ఊరు వెళ్లారట. పెన్‌డ్రైవు బడి గుమస్తాకి ఇచ్చి సంతకం పెట్టించుకున్నాను.

మీ అమ్మ బీరువా కూడా సర్దుదామనుకుంటున్నాను. నీకేం కావాలో రాయి. ఆకుపచ్చ శాలువా మాత్రం అడక్కు, నేను కప్పుకుంటున్నాను.

అమ్మమ్మ

*

మార్చి 30

అమ్మమ్మా,

ఈ ఉత్తరం అందగానే కంప్యూటరు స్విచ్చి గోడ దగ్గరే ఆపెయ్యి. మళ్లీ వెయ్యకు. అందులో ఏదీ రాయకు, తెరవకు, సర్దకు. అమ్మ గదిలో ఏ వస్తువూ ముట్టుకోకు.

ఎందుకో ఇప్పుడు రాయలేను. లారీ బయల్దేరుతోంది.

పిచ్చుక

*

ఏప్రిల్ 6

చిరంజీవి మనవరాలికి,

నీ ఆజ్ఞ అందింది. స్విచ్చి ఆపేశాను.

నా కూతురి గదిలో నేను ఏది ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో నాకు వేరే ఊరి నుంచి ఉత్తర్వులు వస్తాయని అనుకోలేదు. బీరువా మాట ఎత్తినందుకు కోపమైతే అదే రాయొచ్చు. నీ వాటా నేనెక్కడికీ పట్టుకుపోను. శాలువా కూడా ఉతికి మడతపెట్టి పెట్టేశాను.

నువ్వు వద్దనేలోపే ఒక పని చేసేశాను, దాచడం నాకు చేతకాదు. పద్నాలుగో పాఠం నేనే చదివాను. "మిగిలింది ఎవరిచేతనైనా చదివిస్తాం" అన్నారు ఆ రోజు మాస్టారు. ఎవరిచేతనో ఎందుకు? మీ అమ్మ బల్ల దగ్గర దాని మైకు ముందు కూర్చున్నాను. కుర్చీ మాత్రం కదపలేదు, వంటింట్లోంచి స్టూలు తెచ్చుకున్నాను. ఎర్ర చుక్క నొక్కడం, ఆపడం మీ అమ్మ చేస్తుంటే చూసిందే. దగ్గు వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి చదివాను. చెడిపోయినవి ఏ రోజువి ఆ రోజే పారేశాను. రోజూ పొద్దున్నే అదే పని, నీ ఉత్తరం వచ్చేదాకా. నిన్నటిది బాగా వచ్చిందనుకుంటున్నాను. దాని పని నేను పూర్తిచేసినట్టవుతుందని...

ఏప్రిల్ 8

రెండు రోజులు ఈ కాగితం ఇలాగే ఉండిపోయింది. పైన రాసింది చింపేద్దామనుకున్నాను. చింపలేదు. రాసింది రాసినట్టు నీకు చేరాలి.

నిన్న నీ మాట కాదని స్విచ్చి వేశాను. నేను చదివిన పాఠం మాస్టారికి ఇచ్చేముందు ఒకసారి సరిచూసుకోవాలని. దిద్దకుండా ఏ కాగితమూ నా చేతిలోంచి బయటికి పోలేదు ఎప్పుడూ. "పాఠం 14" మీద నొక్కాను.

నల్లటి కిటికీ వచ్చింది. అందులో ఒక గీత పాకుతోంది.

నేను చదివినట్టు నాకు తెలుసు. రోజుల తరబడి చదివాను. అది ఎలా ఖాళీగా ఉంటుంది? స్పీకరు తీగ వెతికి గుచ్చాను. నా గొంతు వినబడింది.

ఫోను మోగితే లేచాను. మాస్టారు. "అమ్మగారూ, మీ పెన్‌డ్రైవు ఇవాళే పెట్టి చూశాను. మా కంప్యూటరు ప్రతి ఫైలు పేరూ చివరిదాకా పైకి చదువుతుందండీ. పదమూడూ చుక్క డాక్స్, చుక్క డాక్స్ అనే చదివింది. చుక్క ఎమ్‌పీత్రీ ఒక్కటీ లేదు. పాఠాల కాగితాలొచ్చాయి, గొంతు రాలేదు. ఇంకో పెన్‌డ్రైవు ఉందా?" అన్నారు.

చూపులేని ఆయనకి మొదటి రోజే తెలిసింది. నేను కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కటీ తెరిచి చూసి మరీ పారేశాను.

లేదని చెప్పాను.

అమ్మమ్మ

*

ఏప్రిల్ 15

అమ్మమ్మా,

నీ ఉత్తరం సొరంగం ముఖం దగ్గర నిలబడి చదివాను. తర్వాత మా ఫోర్‌మన్ నా చేతిలోంచి కొలత సామాను తీసుకుని, "ఇవాళ్టికి పడుకోమ్మా" అన్నాడు.

నేను భయపడిందే జరిగింది. నీ ముందటి ఉత్తరంలో నల్ల కిటికీ అని చదవగానే తెలిసింది. నీకు చెబితే ఏమైపోతావో అని చెప్పలేదు. నేను చేరేదాకా ఆ డిస్కు మీద ఏదీ పడకుండా ఉంటే చాలనుకున్నాను. ఈలోపు నువ్వు రోజూ దాని మీద చదువుతూనే ఉన్నావు.

నీకు ఏదీ రెండు ఉండకూడదు. అమ్మ రెండు జతల చెప్పులు కొనుక్కుంటే ఒకటి ఎవరికో ఇచ్చేసేదానివి. నా బొమ్మల్లో ఒకేలా ఉన్నవాటిని ఏరి పంచిపెట్టావు. ఒకసారి ఆగి, ఎవరినైనా అడిగి, ఆ తర్వాత పారేయొచ్చు కదా. ఎప్పుడైనా అడిగావా? నువ్వు సర్దిన ఇంట్లో ఏదైనా వెతుక్కోవాలంటే అమ్మకీ నాకూ ఎప్పుడూ భయమే.

జులైలో వస్తానో రానో తెలియదు. వచ్చి ఏం వినాలి?

పిచ్చుక

*

ఏప్రిల్ 24

పిచ్చుకా,

నువ్వు రాసినవాటిలో కాదనవలసింది ఒక్కటీ లేదు. చెప్పుల జత కూడా నిజమే.

నువ్వు అడిగావని కాదు, నేను ఊరుకోలేక కంప్యూటరు రిపేరు షాపుకి పట్టుకెళ్లాను. షాపాయన ఆవలిస్తూ పెట్టె విప్పాడు.

"తీసేసినంత మాత్రాన వెంటనే పోదండీ. అది పేరు ఒక్కటే కొట్టేస్తుంది. ఆ చోటు ఖాళీ అనుకుని మళ్లీ ఇంకోటి రాస్తేనే పోయేది. తర్వాత ఏమైనా రాశారా?"

"రాశాను."

"ఎంత?"

"రోజూ."

ఆయన ఆవలింత ఆపి నా వైపు చూశాడు. "వారం ఆగి రండి. ఆశ పెట్టుకోకండి. వచ్చినా ముక్కలుగా వస్తాయి."

వారం తర్వాత వెళ్లాను. కొత్త డిస్కు వేసి, ఉన్నవి ఉన్నట్టు అందులోకి ఎక్కించి, పాతదాంట్లో పారేసినవాటిలో దొరికినవన్నీ ఒక ఫోల్డర్లో పోసిచ్చాడు. పాఠం పేరంటూ ఒక్కదానికీ లేదు, అన్నీ పొడుగాటి అంకెలే. తోకలు కూడా లేవు. "ఏది పాటో, ఏది ఫొటోనో, ఏది చెత్తో దాని ముఖం మీద రాసుండదు. ఒక్కొక్కదానికీ తోక తగిలించి చూసుకోవాలి. నాకంత తీరిక లేదమ్మా" అన్నాడు. నాకుంది.

మొదట ఒకదాన్ని తోక లేకుండానే టైపు చేసే ప్రోగ్రాములో తెరిచాను. పేజీల కొద్దీ చిన్న చిన్న గళ్లు, ప్రశ్నార్థకాలు, ఎక్కడా చూడని గుర్తులు. మధ్యలో ఎక్కడో ఒక ఇంగ్లీషు అక్షరం, మళ్లీ గళ్లు. అడుగు దాకా చదివాను. చదివానంటే, వేలు పెట్టి వరుస వెంట వరుస చూశాను. మీ అమ్మ గొంతు కాగితం మీద పెడితే ఇలా ఉంటుందేమో అనుకున్నాను. అది మీ అమ్మ గొంతో, మరెవరి ఫొటోనో కూడా నాకు తెలియదు.

ఇప్పుడు వాటికి తోకలు తగిలిస్తున్నాను. చుక్క ఎమ్‌పీత్రీ పెడితే కొన్ని అసలు తెరుచుకోవు. కొన్ని తెరుచుకుంటాయి. తెరుచుకున్నవాటిలో ఇంతవరకూ ఉన్నది నేనే. నా దగ్గు, మళ్లీ మొదటి నుంచి పద్నాలుగో పాఠం, మళ్లీ నా దగ్గు. మీ అమ్మ ఉన్న చోటల్లా నేను కూర్చున్నాను.

జులైలో రాకపోయినా నేనేమీ అనను.

అమ్మమ్మ

*

మే 3

అమ్మమ్మా,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ నా పాత ఉత్తరమే గుర్తొస్తోంది. నేను రాసింది నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

టిక్కు తీసెయ్యమన్నది నేను. అమ్మ తన పని కోసం పెట్టుకుందని తెలిసి కూడా తీయించాను. ఎందుకు పెట్టుకుందో ఒక్క నిమిషం ఆలోచించలేదు. గొంతు, కాగితం ఒకే పేరుతో దాచుకుంటే వాటిని విడదీసి చూపించేది ఆ తోకే కదా. నువ్వు తోక నరుకుతావని భయపడి, నీ కళ్లకి అది కనబడకుండా చేశాను. రెండేసి ఉన్నవి తీసెయ్యమన్నది కూడా నేనే. "కాపీ" అని రాసున్నవి అని నా ఉద్దేశం. ఆ ఒక్క మాట రాయలేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఇది కాగితమా, ఫొటోనా అని రాశాను చూడు. ఆ తర్వాత "గొంతా" అని రాయాలి. రాయబోయి, ఆ మాట దగ్గర కలం ఆగిపోయింది. "ఇంకొకటా" అని రాసి దాటేశాను. ఆ ఒక్క మాట రాసుంటే నువ్వు స్పీకరు తీగ పెట్టి చూసేదానివి.

ఇక్కడ ప్రతి కొలతా ఇద్దరం విడివిడిగా తీస్తాం, రెండు చోట్ల రాస్తాం. రెండూ ఉంటేనే లెక్క. అంత జాగ్రత్త నేర్చుకున్న దాన్ని అమ్మ పదమూడు పాఠాలకి రెండో ప్రతి తీసుకోలేదు, ఏడుస్తానని.

మొన్న ఉత్తరంలో నేను రాసినవి నువ్వు దాచిపెట్టుకోకు. చింపెయ్. ఈ ఒక్కసారికి నా మాట విని ఏదైనా పారెయ్.

జులైలో వస్తున్నాను. శాలువా తీసి కప్పుకో. ఎండాకాలమైనా పొద్దున్నే నీకు చలేస్తుంది, నాకు తెలుసు.

నీ పిచ్చుక

*

మే 16

పిచ్చుకా,

నీ ఉత్తరం చింపలేదు. నువ్వు పారెయ్యమన్నంత మాత్రాన పారేసే దశ నాకు దాటిపోయింది.

ఎవరు ఎంత తప్పు చేశారని పంచుకుంటూ కూర్చుంటే మిగిలేది ఏమీ లేదు. నువ్వు నాకు చెప్పకుండా ఊరుకున్నావు, నేను నిన్ను అడగకుండా పారేశాను. ఈ చెప్పకపోవడాలూ అడగకపోవడాలూ నువ్వు మీ అమ్మ దగ్గర నేర్చుకున్నావో, మీ అమ్మకి నేనే నేర్పానో.

బడి సంగతి ముందు రాస్తాను. పదమూడు పాఠాలూ మీ అమ్మ టైపు చేసిన కాగితాలు ముందు పెట్టుకుని నేనే చదువుతున్నాను. నిన్నటికి తొమ్మిది అయ్యాయి. అయినవి అయినట్టే మాస్టారికి పంపేస్తున్నాను, పుస్తకమంతా అయ్యేదాకా ఆగడం లేదు. పిల్లలు మొదటిది విని, "కొత్త టీచరు కోపిష్టిదా సార్?" అని అడిగారట. "అవును, జాగ్రత్తగా వినండి" అన్నారట ఆయన.

ఇక రెండో సంగతి.

షాపాయన ఇచ్చిన అంకెల ఫైళ్లు దాదాపు అన్నీ అయిపోయాయి. చివరికి వచ్చేసరికి చెయ్యి తనంతట తాను చుక్క పెట్టి, ఎమ్‌పీత్రీ కొట్టి, తెరిచి, నా దగ్గు విని, మూసేస్తోంది. మొన్న ఒకటి తెరిస్తే దగ్గు రాలేదు. కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత మీ అమ్మ.

అది పాఠం కాదు. చెడిపోయిన ముక్క. మీ అమ్మే ఎప్పుడో తీసి పారేసుకున్నది. ఆ డిస్కులో ఏ మూలనో, మనిద్దరి చెయ్యీ పడని చోట ఉండిపోయింది. అద్దాల పాఠం. పుట్టినప్పటి నుంచీ చూపులేని పిల్లలకి అద్దమంటే ఏమిటో చెబుతోంది. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను. నువ్వు వినేలోపు కాగితం మీదైనా ఉండాలి.

"ఖాళీ గదిలో గోడకి ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే, మీ మాట మీకే తిరిగొస్తుంది కదా. అద్దం కూడా అంతే. కాకపోతే అది మాటని కాదు, వెలుతుర్ని తిప్పి పంపిస్తుంది. మనం ఎంత దూరంలో నిలబడితే..."

ఇక్కడ తలుపు తోసిన చప్పుడు. తర్వాత నేను.

"ఎంతసేపే ఆ గోడతో మాటలు? భోజనం చల్లారిపోతోంది, లే."

"అమ్మా, రికార్డవుతోందే."

"అవనీ. వేళకి తినాలని ఆ పిల్లలకి కూడా తెలుస్తుంది."

మీ అమ్మ నవ్వింది. పాఠాలు చదివే గొంతుతో కాదు. చిన్నప్పుడు నేను తిట్టేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది చూడు, ఆ నవ్వు. "చెడగొట్టావు పో. వస్తున్నా" అంది. అంతే, ఆగిపోయింది.

ఆ రోజు నాకు గుర్తులేదు. అలాంటి రోజులు ఎన్నో. పదమూడు పాఠాలు ఏ తప్పూ లేకుండా చదివి పెట్టుకుంది, అవన్నీ పోయాయి. నేను అడ్డం వచ్చి చెడగొట్టింది ఒక్కటే మిగిలింది.

ఆ టిక్కు మళ్లీ పెట్టేశాను. మీ అమ్మ ఎలా పెట్టుకుందో అలాగే. తెరంతా చుక్కలూ తోకలూ, చూడ్డానికి అసహ్యంగా ఉంది. ఉండనీ. ఈ ముక్కకి పేరు కూడా మార్చలేదు. షాపాయన ఇచ్చిన అంకెలే ఉంచి, చివర తోక మాత్రం తగిలించాను.

ఈ కవర్లో పెన్‌డ్రైవు ఉంది, దూదిలో చుట్టాను. నువ్వు సొరంగం పనిలో ఉండగా వినకు. పని లేని రోజు, కూర్చుని విను. మొదట్లో కుర్చీ చప్పుడు ఉంటుంది, దాన్ని కత్తిరించకు. చివర్లో నా గొంతు ఉంటుంది, దాన్ని కూడా.

ఇది లారీలో ఎక్కడైనా పడిపోతే అని భయపడకు. ఇంకొకటి తీసి నా దగ్గర పెట్టుకున్నాను, కంప్యూటర్లో, మీ అమ్మ ఫోల్డర్లోనే. అవే అంకెలు, అదే తోక. అక్షరం తేడా లేదు.

అమ్మమ్మ